ఎవరి ఆచారం చట్టమైంది? పాలమూరు వాడల నుండి కుటుంబ చట్టం చదువు

మన లా కాలేజీల్లో కుటుంబ చట్టం పాఠం మెట్ల వరుసలాగా సాగుతుంది. 1829లో సతి నిషేధం. 1856లో వితంతు పునర్వివాహ చట్టం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం జరిపించిన మొదటి వితంతు వివాహం. 1955, 56 సంవత్సరాల్లో నాలుగు హిందూ చట్టాలు. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆడపిల్లలకు ఇచ్చిన ఆస్తి హక్కు. 2005లో దేశమంతటికీ అదే హక్కు. ఒక్కో మెట్టు ఎక్కుతూ స్త్రీ చీకటిలో నుండి వెలుగులోకి వచ్చిందని పుస్తకం చెబుతుంది. పరీక్షలో అట్లా రాస్తేనే మార్కులు పడతాయి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు మాదిగవాడ నుండి, మాలవాడ నుండి వచ్చి ఆ బెంచీ మీద కూచున్న విద్యార్థికి ఒక ప్రశ్న రావాలి. ఈ మెట్ల మీద మా అవ్వ ఎక్కడుంది? మా అవ్వకు మారుమనువు అయింది. ఆమెకు ఆ హక్కు ఏ చట్టం ఇచ్చింది? ఏ సంస్కర్త వచ్చి ఆమె పెండ్లి చేసిండు? ఎవరూ రాలేదు. కులం పెద్దలు కూచున్నారు, చీర పెట్టారు, నలుగురికీ అన్నం పెట్టారు, మనువు అయిపోయింది.

ఈ మూడు వూళ్ళూ 2016 అక్టోబరు 11 దాకా పాత మహబూబ్‌నగర్ జిల్లాలోవి. ఇప్పుడు మూడూ మూడు జిల్లాలకు కేంద్రాలు. పార్లమెంటు లెక్కలో మూడూ నాగర్‌కర్నూలు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలోనే వున్నాయి. మూడూ సంస్థానాల నేల. గద్వాల, వనపర్తి రెడ్డి దొరలవి. నాగర్‌కర్నూలు జిల్లాలోకి వచ్చిన కొల్లాపురం, జటప్రోలు వెలమ దొరల రాజధాని. కుటుంబ చట్టం చరిత్రను ఈ నేల మీద నిలబడి చదివితే మెట్ల వరుస కనిపించదు, వేరే లెక్క కనిపిస్తుంది. సంస్కరణ ఇచ్చిందని పుస్తకం చెప్పే హక్కుల్లో కొన్ని వాడలో ముందే వున్నాయి. వాడలో లేనివి భూమి, తండ్రి పేరు, కాయితం. వాటి దగ్గరికి వచ్చేసరికి చట్టం చాలాకాలం మొగం తిప్పుకుంది. కొన్నిచోట్ల వున్నది కూడా గుంజుకుంది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇదే.

మారుమనువుకు పడిన శిక్ష

1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాల గురించి ఇంగ్లీషులో పెద్ద గ్రంథం అచ్చువేశాడు. మాల, మాదిగ కులాల్లో వితంతువులు మళ్ళీ పెండ్లి చేసుకుంటారని, విడాకుల ఆచారం వుందని అందులో నమోదయింది. వాడలో దీనికి పేర్లు కూడా వున్నాయి. మళ్ళీ చేసుకుంటే మారుమనువు. తెగతెంపులు చేసుకుంటే ఇడుపు కాయితం. కాయితం రాకముందు అది నోటిమాటే.

అదే కాలంలో బ్రిటిషు ఇండియా కోర్టులు ఏం చేశాయో చూడాలి. 1856 చట్టం వితంతువు మళ్ళీ పెండ్లి చేసుకోవచ్చని చెప్పింది. కానీ దాని రెండో సెక్షన్‌లో ఒక షరతు పెట్టింది. మళ్ళీ పెండ్లాడితే మొదటి భర్త ఆస్తిలో ఆమెకు వున్న హక్కు పోతుంది. పునర్వివాహం పాపమనుకున్న ద్విజ కులాల స్త్రీకి ఇది కొత్తగా దొరికిన హక్కు, దానికి కట్టిన వెల. ముందు నుండీ మళ్ళీ పెండ్లాడే కులాల స్త్రీకి ఇందులో కొత్తగా దొరికింది ఏమీ లేదు. వెల మాత్రం ఆమె దగ్గర కూడా వసూలు చేశారు. 1877లో మద్రాసు హైకోర్టు ముందుకు మురుగాయి కేసు వచ్చింది. మరవ కులంలో మారుమనువు ఆచారం వుంది. అయినా ఆమెకు మొదటి భర్త ఆస్తి దక్కదని తీర్పు చెప్పారు. బొంబాయి, కలకత్తా హైకోర్టులు కూడా ఆ దారినే పోయాయి. ఆచారం ప్రకారమే మళ్ళీ పెండ్లాడే కులాలకు ఈ షరతు వర్తించదని అలహాబాదు హైకోర్టు ఒక్కటే అన్నది. వీరేశలింగం గురించి పది మార్కుల ప్రశ్న ఇచ్చే పేపరులో మురుగాయి గురించి రెండు మార్కుల ప్రశ్నకైనా చోటు వుండాలి.

పాలమూరు నిజాం రాజ్యంలో వుండేది కాబట్టి 1856 చట్టం ఇక్కడికి నేరుగా రాలేదు. కానీ దాని లోపలి ఆలోచన మరో తలుపు నుండి వచ్చింది. ఆ తలుపు మీద రాసి వున్నది భూసంస్కరణ.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు అనే మాట అక్కడిదే. దున్నేవాడికి భూమి మీద పట్టు దొరికిన చట్టంగా దానికి మంచి పేరు వుంది, ఆ పేరు న్యాయమైనదే. కానీ దాని 40వ సెక్షన్ తీసి చదవాలి. రక్షిత కౌలుదారు చనిపోతే వారసులు ఎవరు? మొదట అతని సక్రమ సంతానం, అంటే చట్టబద్ధమైన పెండ్లికి పుట్టినవాళ్ళు, లేదా దత్తత వచ్చినవాళ్ళు. అట్లాంటి సంతానం లేకపోతే భార్య. ఆమె కూడా మళ్ళీ పెండ్లి చేసుకోనంత వరకే.

ఈ రెండు షరతులు ఎవరిని తాకుతాయి? మారుమనువు లేని ఇంట్లో రెండో షరతుకు పనిలేదు. పెండ్లి కాయితం, పురోహితుడు, సాక్షులు వున్న ఇంట్లో మొదటి షరతు ఇబ్బంది పెట్టదు. భూమి లేనివాడికి భూమి ఇవ్వడానికి రాసిన చట్టం, ఆ మనిషి ఇంటి పద్ధతిని చూడకుండా, దొర ఇంటి పద్ధతిని కొలతబద్దగా పెట్టుకుంది. 1956 హిందూ వారసత్వ చట్టం కూడా దీన్ని సరిచేయలేదు. కౌలు హక్కుల వారసత్వం మీద వున్న చట్టాల జోలికి తాను పోనని 4వ సెక్షన్‌లో రాసుకుంది. ఆ మినహాయింపును 2005లో గానీ తొలగించలేదు. అంటే పట్టా భూమి వున్న ఇంటి విధవకు 1956లో వచ్చిన పూర్తి హక్కుకు, కౌలు భూమి వున్న ఇంటి విధవ ఎదురుగా దాదాపు యాభై ఏండ్లు ఈ అడ్డుగోడ వుంది. కుటుంబ చట్టం ఒక పేపరు, భూమి చట్టం ఇంకో పేపరు అని సిలబస్‌లో విడగొట్టడం వల్ల ఈ గోడ ఏ విద్యార్థికీ కనబడదు.

దొర ఇంటి ఆచారం, వాడ ఆచారం

శాస్త్రం కంటే ఆచారం బలమైనదని మన పుస్తకాలు ఒక కేసు ద్వారా నేర్పుతాయి. 1868లో ప్రీవీ కౌన్సిల్ చెప్పిన రామనాథపురం తీర్పు అది. భర్త అనుమతి ఇవ్వకుండా చనిపోతే విధవ దత్తత తీసుకోవచ్చా అన్నది ప్రశ్న. రుజువైన ఆచారం ముందు గ్రంథంలోని మాట తగ్గాల్సిందేనని ఆ తీర్పు సారాంశం. గొప్ప సూత్రమే. అయితే ఆ సూత్రం ఎవరి ఇంటి కోసం పుట్టిందో మరచిపోవద్దు. జమీందారీ ఇంటికి వారసుడు కావాలి. ఆ అవసరం ఆచారాన్ని చట్టం చేసింది.

మన సంస్థానాల్లోనూ అదే జరిగింది. గద్వాలలో రాజా సీతారామ భూపాల్ 1924లో చనిపోయాక ఆయన భార్య మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ సంస్థానాన్ని ఏలింది. జటప్రోలు ఇంటికి వెంకటగిరి నుండి దత్తత వచ్చింది. విధవ పెత్తనం, దత్తత, పంపకం అన్నీ అర్జీలుగా, ఫర్మానాలుగా, విచారణ కమిషన్లుగా కాయితం మీదికి ఎక్కాయి. దొర ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో దఫ్తరులో వుంది.

అదే వూరి చివర మాదిగవాడలో పెండ్లి జరిగితే ఏ దఫ్తరులో వుంది? పుస్తె కట్టినప్పుడు డప్పు మోగింది. ఓలి ఇచ్చినప్పుడు కులం పెద్ద లెక్కపెట్టాడు. మాదిగ ఇండ్ల వంశాలను నోటి మీద నిలుపుకున్నది డక్కలివాళ్ళు. ఇవన్నీ నోటిలో, చెవిలో వున్న రికార్డులు. రాజ్యం అడిగేది రాసిన రికార్డు. పంజాబులో బ్రిటిషువాళ్ళు భూమి వున్న కులాల ఆచారాలను రివాజ్-ఇ-ఆమ్ పేరుతో రాయించారు. కోర్టులు వాటిని సాక్ష్యంగా తీసుకున్నాయి. 1967లో గురుదిత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు జాట్‌ల విడాకుల ఆచారాన్ని ఒప్పుకున్నప్పుడు అట్లాంటి రాతలు చేతిలో వున్నాయి. పాలమూరు వాడ ఆచారానికి అట్లాంటి పుస్తకం లేదు. వున్న గ్రంథంలో మన అవ్వ తాతలు కులాల వింతలుగా వున్నారు గానీ హక్కుదారులుగా లేరు.

అంబేద్కర్ ఎక్కడ మొదలుపెట్టాడు?

అంబేద్కర్ కుటుంబాన్ని కులం నుండి విడదీసి చూడలేదు. 1916 మే నెలలో కొలంబియా విశ్వవిద్యాలయం సెమినార్‌లో చదివిన పత్రంలోనే, కులం లోపలే పెండ్లి చేసుకోవడం కులానికి ప్రాణమని చెప్పాడు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్య వివాహం ఆ కట్టును కాపాడటానికి పుట్టిన ఉపాయాలని విప్పి చూపాడు. కాబట్టి కుటుంబ చట్టం కులం పునరుత్పత్తి అయ్యే చోటు. దాన్ని ఇంటి గొడవల పేపరుగా చదవడం అంబేద్కర్‌ను వదిలేసి చదవడమే.

1948 ఏప్రిల్‌లో ఆయన హిందూ కోడ్ బిల్లును సెలెక్టు కమిటీకి పంపించాడు. ఆ తరువాతి చర్చల్లో విడాకులు హిందూ ధర్మానికి పరాయివని గోలచేసిన వాళ్ళకు ఆయన గుర్తుచేసింది ఒక మామూలు నిజం. హిందువులలో అత్యధికులు శూద్రులు, వాళ్ళలో విడాకుల ఆచారం ఎప్పటినుండో వుంది. అంటే కొద్దిమంది పద్ధతిని అందరి ధర్మంగా చూపించవద్దని ఆయన వాదన. బిల్లు నిలిచిపోయింది. 1951 సెప్టెంబరులో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశాడు. ఆ తరువాత అదే బిల్లు ముక్కలు ముక్కలుగా 1955, 56లో చట్టమైంది.

ఆ చట్టంలో మన ఆచారానికి రెండు కిటికీలు వున్నాయి. వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం వధూవరులలో ఎవరి ఆచారం ప్రకారం పెండ్లి జరిగినా చెల్లుతుంది. 29వ సెక్షన్ రెండో భాగం ప్రకారం ఆచారం మీద తీసుకున్న విడాకులు కూడా చెల్లుతాయి. ఇడుపు కాయితానికి ఆధారం ఇదే. అయితే 3వ సెక్షన్ ఆచారానికి పరీక్ష పెట్టింది. అది చాలాకాలంగా, తెంపులేకుండా, ఒకే తీరుగా నడవాలి. స్పష్టంగా వుండాలి. అసమంజసంగా, ప్రజానీతికి విరుద్ధంగా వుండొద్దు. ఈ పరీక్షలో నెగ్గే భారం ఆచారం వుందని చెప్పేవాళ్ళ మీదే వుంది.

ఇక్కడ అసమానత చూడండి. హోమం, సప్తపది జరిగిన పెండ్లికి ఆ ఆచారం ప్రాచీనమా కాదా అని ఎవరూ అడగరు. వాడ పెండ్లిని అడుగుతారు. 1965లో భావూరావు లోఖండే కేసులో రెండో పెండ్లి చేసుకున్న మగవాడు శిక్ష తప్పించుకున్నాడు. ఆ రెండో పెండ్లిలో హోమం, సప్తపది జరగలేదు, అవి లేకున్నా చెల్లుతుందనే ఆచారం రుజువు కాలేదు అన్నారు. 2002లో యమనాజీ జాదవ్ కేసులో, 2005లో సుబ్రమణి కేసులో సుప్రీంకోర్టు మళ్ళీ అదే చెప్పింది. ఆచారం మీద విడాకులు అంటే ఆ ఆచారాన్ని దావాలో రాయాలి, సాక్ష్యంతో నిరూపించాలి. 2024లో డాలీ రాణి కేసులో, క్రతువు జరగకుండా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఒక్కటే పెండ్లి కాదని కూడా చెప్పారు.

సూత్రంగా ఇందులో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ కనిపించదు. కానీ ఆలంపురం వైపు ఒక ఆడమనిషి సంగతి అనుకుందాం. మొదటి మొగుడి నుండి కుల పంచాయితీలో ఇడుపు కాయితం తీసుకుంది. ఇంకొకరికి మారుమనువు పోయింది. ఆ మనిషి గుంపు మేస్త్రీ వెంట వలస పోయి ఎక్కడో డ్యాము పని మీద చనిపోయాడు. నష్టపరిహారం దగ్గర ఆమె భార్యా కాదా అన్న ప్రశ్న వస్తుంది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం 2025 నవంబరులో సామాజిక భద్రతా కోడ్ వచ్చేదాకా నడిచింది. ఆ పాత చట్టం ఆధారపడినవాళ్ళను లెక్కపెట్టేటప్పుడు విధవను, సక్రమ సంతానాన్ని ముందు వరుసలో పెట్టి, అక్రమ సంతానమని పేరు పెట్టిన పిల్లలను వెనుక వరుసకు తోసింది. ఇడుపు చెల్లకపోతే మారుమనువు చెల్లదు. మారుమనువు చెల్లకపోతే ఆమె విధవ కాదు. పదిమంది ముందు జరిగిన రెండు పనులు ఆఫీసు బల్ల మీద ఒక్కసారిగా మాయమవుతాయి.

రుజువు అడగని ఆచారం

ఒక ఆచారం గురించి మాత్రం తరతరాలుగా రుజువు అడగలేదు. అది జోగిని. ఎల్లమ్మకో పోచమ్మకో పెండ్లి చేసినామని చెప్పి దళిత ఆడపిల్లను వూరికి వదిలిన ఆచారం. పాలమూరులో దాని వేర్లు లోతుగా వున్నాయి. అది వూరి మేలు కోసం అన్నారు. మేలు పొందినవాడు ఎవరో వూరందరికీ తెలుసు. మాదిగామె మారుమనువు అసలు పెండ్లేనా అని అనుమానించిన లోకం, దేవతతో పెండ్లిని ఎన్నడూ అనుమానించలేదు.

దీనికి వ్యతిరేకంగా మొదట నిలబడింది రాజ్యం కాదు. 1906లో హైదరాబాదులో జగన్ మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ, ఆది హిందూ ఉద్యమం నడిపిస్తూ ఆడపిల్లలను దేవతలకు వదిలే పద్ధతి మీద పోరాడాడు. ఆంధ్రప్రదేశ్ దేవదాసీ నిషేధ చట్టం 1988లో వచ్చింది. మధ్యలో ఎన్ని దశాబ్దాలో లెక్కపెట్టుకోండి. కుటుంబ చట్ట సంస్కర్తల జాబితాలో వీరేశలింగం పక్కన భాగ్యరెడ్డి వర్మ పేరు ఎందుకు లేదో అడగవలసింది కూడా మనమే.

1988 చట్టం పిల్లను వదిలే పనిని నేరం చేసింది. మంచిదే. కానీ అప్పటికే జోగిని అయిన ఆమెకు పుట్టిన పిల్లల సంగతి కుటుంబ చట్టం చేతిలోనే వుంది. అక్కడ దారి ఇట్లా వుంది. 1956 వారసత్వ చట్టం ప్రకారం పెండ్లి లేకుండా పుట్టిన పిల్లలు తల్లికి బంధువులు, ఒకరికొకరు బంధువులు. తండ్రికి కారు. వివాహ చట్టం 16వ సెక్షన్ చెల్లని పెండ్లికి పుట్టిన పిల్లలను సక్రమ సంతానంగా ఒప్పుకుంటుంది. 2023 సెప్టెంబరు 1న రేవణసిద్దప్ప కేసులో సుప్రీంకోర్టు, అట్లాంటి పిల్లలకు ఉమ్మడి ఆస్తిలో తల్లిదండ్రులకు వచ్చే వాటా నుండి కూడా హక్కు వుందని తేల్చింది. ఎంతోమందికి మేలు చేసే తీర్పు. అయితే దానికి కూడా ఏదో ఒక పెండ్లి జరిగి వుండాలి, చెల్లనిదైనా సరే. జోగినికి ఏ మగవాడితోనూ పెండ్లే లేదు. ఆమెకు పెండ్లి దేవతతో. కాబట్టి ఆమె బిడ్డ ఈ తీర్పు గడప దగ్గరే ఆగిపోతుంది.

సంస్కరణ గుంజుకున్నది కూడా ఇక్కడ ఒకటి వుంది. 1956కు ముందు హిందూ చట్టంలో దాసీపుత్రుడి నియమం వుండేది. శూద్రుడికి శాశ్వతంగా అతని దగ్గరే వున్న స్త్రీ వల్ల పుట్టిన కొడుక్కు తండ్రి ఆస్తిలో వాటా వుండేది. ద్విజుడి ఇంట్లో అయితే పోషణే తప్ప వాటా లేదు. కోర్టుల లెక్కలో రెడ్డి, వెలమ దొరలు శూద్రులే. అంటే పుస్తకం ప్రకారం ఒక సన్నని సందు వుండేది. ఆ నియమం న్యాయమైనదని ఎవరూ అనరు. కొడుక్కే తప్ప బిడ్డకు లేదు, పేరులోనే దాస్యం వుంది. కానీ దాన్ని సవరించి అందరికీ విస్తరించే బదులు 1956 చట్టం వారసత్వంలో ఆ సందునే మూసింది. మిగిలింది పోషణ ఖర్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్, ఇప్పటి నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద, పెండ్లి లేకుండా పుట్టిన బిడ్డ కూడా తండ్రి నుండి పోషణ అడగవచ్చు. అడగాలంటే దొర పేరు అర్జీలో రాయాలి. వూళ్ళో వుండి, అతని పొలంలోనే కూలికి పోతూ రాయాలి.

2015లో ఢిల్లీకి చెందిన ఒక కేసులో, పెండ్లి కాని తల్లి తండ్రి పేరు చెప్పకుండానే బిడ్డకు సంరక్షకురాలు కావచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. చదువుకున్న క్రైస్తవ స్త్రీ ఒకరు తన గౌరవం కోసం గెలుచుకున్న తీర్పు అది. జోగిని బిడ్డకు బడి దగ్గర, సర్టిఫికెట్ల దగ్గర అది పనిముట్టు కావాలి. మండలాఫీసు గుమాస్తాకు ఆ తీర్పు గురించి చెప్పగలిగిన మనిషి వాడలో వుండాలి. విశ్వవిద్యాలయం తయారు చేయవలసింది అట్లాంటి మనిషిని.

ఆదివారం ఒక చట్టం, సర్టిఫికెట్‌లో ఒక చట్టం

పాలమూరులో ఇంకో ముడి వుంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకంలో మెనోనైట్ బ్రెదరెన్ మిషన్ నాగర్‌కర్నూలులో కేంద్రం పెట్టింది. వనపర్తి, గద్వాల కూడా ఆ మిషన్ పనిలోకి వచ్చాయి. బడి, ఆసుపత్రి, గౌరవమైన పిలుపు వాడకు అక్కడి నుండి దొరికాయి. దొరికిన దాన్ని చిన్నచూపు చూడకూడదు. కానీ క్రైస్తవులైన వాళ్ళ విడాకులకు వర్తించే చట్టం 1869 నాటిది. దాని ప్రకారం భార్య విడాకులు అడగాలంటే భర్త వ్యభిచారం ఒక్కటే చాలదు, క్రూరత్వమో విడిచిపెట్టడమో తోడు కావాలి. ఇంగ్లండు పెద్దింటి నీతిని మోసుకొచ్చిన ఆ నియమం 2001 సవరణతో గానీ పోలేదు. అమ్మమ్మకు కుల పంచాయితీలో ఒక్క రోజులో దొరికిన ఇడుపు మనవరాలికి చట్టంలో దొరకకుండా పోయింది.

మరోవైపు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు షెడ్యూల్డు కులం కాడు. 2024 నవంబరులో కూడా సుప్రీంకోర్టు ఒక కేసులో ఈ గీతను గట్టిగా గీసింది. అందువల్ల సర్టిఫికెట్‌లో హిందూ మాదిగ, ఆదివారం ప్రార్థనలో క్రైస్తవుడు. పెండ్లి గుడిలో, రిజర్వేషన్ కాయితంలో. తగాదా వస్తే ఏ వివాహ చట్టం? ఏ వారసత్వ చట్టం? పరీక్షల్లో ఇచ్చే ఊహా సమస్యల్లో ఎప్పుడూ ఒక కొత్త మనిషి హిందూమతం వదిలి ఇంకో మతంలో కలుస్తాడు. ఇంత పెద్ద సమస్య వాడలో నడుస్తుంటే ఆ వూహలు ఎందుకు?

ఆచారాన్ని పూజించడానికి కాదు

ఇట్లా అంటే కుల పంచాయితీ బంగారమని చెబుతున్నట్టు ఎవరైనా అనుకోవచ్చు. కాదు. ఆ చాప మీద కూచునేది మగవాళ్ళే. దండుగ పడేది ఎక్కువసార్లు ఆడమనిషి పుట్టింటి మీద. ఓలి తిరిగి కట్టలేక చెడ్డ కాపురంలో నలిగినవాళ్ళు వున్నారు. పిల్లలు తండ్రివాళ్ళ దగ్గర వుండిపోయి, తల్లి ఒట్టిచేతులతో మారుమనువు పోయిన సందర్భాలు వున్నాయి. పంచాయితీ చెడితే చివరికి దొర గడికే పోయేవాళ్ళు, అక్కడ న్యాయం ఎట్లా వుండేదో వేరే చెప్పనక్కర లేదు. జోగిని కూడా ఆచారమే కదా! ఆచారమనే మాట ఒక్కటే పట్టుకుంటే అది మన మెడకే చుట్టుకుంటుంది.

అసలు ప్రశ్న, ఏ ఆచారాన్ని ఎవరు ఎందుకు నిలబెట్టారు అన్నది. దొరకు వారసుడిని ఇచ్చే ఆచారం చట్టమైంది. దొరకు జోగినిని ఇచ్చిన ఆచారం 1988 దాకా ఇక్కడ నేరం కాలేదు. వాడ ఆడమనిషికి బయటపడే దారి ఇచ్చే ఆచారం మాత్రం ఇప్పటికీ బోనులో నిలబడి తానెవరో నిరూపించుకుంటున్నది.

ఉమ్మడి పౌరస్మృతి చర్చలోనూ ఈ ప్రశ్నే పెట్టాలి. ఉత్తరాఖండ్ 2024లో చేసిన స్మృతి 2025 జనవరి 27 నుండి అమలయింది. అందులో ఆచారం మీద విడాకులకు చోటు లేదు, కోర్టు మెట్లు ఎక్కవలసిందే. షెడ్యూల్డు తెగలకు అది వర్తించదు. హిందూ చట్టాలు కూడా తెగలను మినహాయించాయి కాబట్టి మన నల్లమల చెంచులకు, లంబాడీ తండాలకు వాటి ఆచారం ఆ మేరకు మిగిలింది. దళితులకు అట్లాంటి మినహాయింపు లేదు. సమానత్వం పేరుతో వచ్చే చట్టం ఎవరి ఇంటిని నమూనాగా పెట్టుకున్నదో చూడకుండా మద్దతు ఇవ్వడమూ తప్పే, వ్యతిరేకించడమూ తప్పే. అంబేద్కర్ కోరింది ఒక చట్టం. ఆ చట్టం నమూనా ద్విజ గృహం కావాలని ఆయన కోరలేదు.

చదువు ఏం చేయాలె?

మొదటిది, సిలబస్ మొదలయ్యే చోటు మారాలి. మితాక్షర, దాయభాగ శాఖలతో మొదలై ఆచారం మీద ఒక పేరాతో ముగిసే పాఠాన్ని తిరగేయాలి. మారుమనువు, ఇడుపు, ఓలి, జోగిని నుండి మొదలుపెట్టి మితాక్షర దగ్గరికి పోవాలి. 1950 కౌలుదారీ చట్టం 40వ సెక్షన్‌ను కుటుంబ చట్టం తరగతిలోనే చదవాలి.

రెండోది, విద్యార్థులు సాక్ష్యం పోగుచేయాలి. పాత సాక్ష్య చట్టం 48వ సెక్షన్ ప్రకారం ఒక ఆచారం గురించి తెలిసే అవకాశం వున్న మనుషుల అభిప్రాయం సాక్ష్యమే. 50వ సెక్షన్ ప్రకారం ఇద్దరి మధ్య సంబంధం గురించి దగ్గరివాళ్ళు నడుచుకున్న తీరు సాక్ష్యమే, విడాకుల కేసుల్లో, రెండో పెండ్లి నేరం కేసుల్లో అదొక్కటే చాలకపోయినా. 2024 జూలై 1 నుండి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఈ సూత్రాలు వున్నాయి. గద్వాల వైపు పది వూళ్ళలో ముసలివాళ్ళను కూచోబెట్టి, ఫలానా సంవత్సరం ఫలానా పంచాయితీలో ఇడుపు ఇట్లా జరిగింది, మారుమనువు ఇట్లా జరిగింది అని పేరు, తేదీ, సాక్షులతో రాసిపెడితే, అది మన రివాజ్-ఇ-ఆమ్ అవుతుంది. ఆ ముసలివాళ్ళు వుండగానే రాయాలి. పాత ఇడుపు కాయితాలు పెట్టెల అడుగున చెదలు పడుతున్నాయి. వాటి నకళ్ళు తీయాలి.

మూడోది, అడగవలసిన మార్పులు స్పష్టంగా పెట్టాలి. తమిళనాడు 1967లో వివాహ చట్టానికి 7-ఎ సెక్షన్ చేర్చి పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలకు చెల్లుబాటు ఇచ్చింది. తెలంగాణకు అట్లాంటి సెక్షన్ కావాలి. 2002 నుండి మన దగ్గర వున్న నిర్బంధ వివాహ నమోదు చట్టం మారుమనువుల దాకా, వాడల దాకా రావాలి. జోగిని సంతానానికి తండ్రి ఆస్తిలో హక్కు గురించి వారసత్వ చట్టంలోనే మాట రాయాలి.

2022 జూన్‌లో కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు వచ్చాయి. గద్వాల నుండి, నాగర్‌కర్నూలు నుండి మహబూబ్‌నగర్ దాకా పోయే బస్సు చార్జీ తగ్గింది. కోర్టు దగ్గరికి వచ్చింది గానీ చట్టం ఇంకా దూరంగానే వుంది. ఆ కోర్టులో నల్లకోటు వేసుకొని నిలబడే వాడపిల్ల, ఆచారం రుజువు ఏదని జడ్జి అడిగినప్పుడు, వూరూ పేరూ తేదీతో రాసిన కట్ట తీసి బల్ల మీద పెట్టగలగాలి.